సున్నా ఆకుల మల్లె

గొడుగు వేసిన 1వ రోజు

ఇవాళ పొద్దున ఊరి మీద గొడుగు వేశారు. స్తంభాల మీంచి గుడ్డ సాగి ఈ చివర నుంచి ఆ చివరకు చేరేసరికి ఊరంతా బూడిదరంగు నీడ పడింది. జనం మేడలెక్కి చప్పట్లు కొట్టారు. ప్రతి ఏడూ కొడతారు. మూడున్నర నెలలు ఆ గుడ్డ కింద నలభై తొమ్మిది డిగ్రీల్లో ఉడకబోతున్నందుకు చప్పట్లు కొట్టే జనం ఈ గొడుగుపాలెంలో తప్ప ఇంకెక్కడా ఉండరనుకుంటాను.

ఈ దినచర్య నేను సరదాకు రాయడం లేదు. మేడ మీద ప్రాణమున్న మొక్క ఒక్కటి ఉన్నా రోజూ పలక మీద నాలుగు ముక్కలు రాయాలని తోటల శాఖ నియమం. రాసింది వీధి చివరి గోడ మీద కనిపిస్తుంది, ఎవరైనా చదువుకోవచ్చు. పదకొండేళ్ళుగా రాస్తున్నాను. ఒక్కరూ చదివిన పాపాన పోలేదు. కాబట్టి నా నోటికి వచ్చిందే రాస్తాను.

నా మేడ మీద ఉన్నది ఒక్క సిమెంటు తొట్టి, అందులో ఒక్క బొండుమల్లె. మా అమ్మ చేలోంచి తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చిన కొమ్మ. ఆ చేను ఇప్పుడు సముద్రం కింద ఉంది. ఈ ఊళ్ళో నిజంగా పూసే మల్లె ఇప్పుడు ఇదొక్కటే. మిగతావాళ్ళ ఇళ్ళలో పూలు అచ్చుయంత్రంలోంచి వస్తాయి. వాటి మీద చల్లుకోవడానికి ఒక సీసా ఉంటుంది, దాని మీద 'మల్లె 4' అని రాసి ఉంటుంది. ఆ సీసా వాసన మా వంటింటి సింకు కడిగే మందు వాసన లాగే ఉంటుంది.

మూడు వారాలుగా తొట్టికి నీళ్ళు ఆపేశాను. ఇవాళ ఆకు దూశాను. కొమ్మను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పైనుంచి కిందికి లాగితే ఆకంతా చేతిలోకి వచ్చేస్తుంది. తర్వాత కత్తెరతో కొమ్మల చివళ్ళు జానెడు కత్తిరించాను. మల్లె కొత్త చిగురు మీదే మొగ్గ తొడుగుతుంది. ఎండగట్టి, ఆకు దూసి, అప్పుడు నీళ్ళు చూపించాలి. నీళ్ళు మానకుండా పోస్తూ ముద్దు చేస్తే ఆకు తప్ప ఇంకేమీ ఇవ్వదు. నర్సరీలో ముప్ఫై ఏళ్ళు అంట్లు కట్టినదాన్ని, ఈ మాట ఏటా ఇక్కడ రాస్తూనే ఉన్నాను.

ముద్దు చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే పక్క మేడ చూడండి. జోషిత గారి మల్లె పందిరి నిండా ఆకే. ఒక్కో ఆకు చిన్న పిల్లల అరచేయంత ఉంది. మొగ్గ మాత్రం కలికానికి కూడా లేదు. రెండేళ్ళ కిందటి దాకా అది కూడా నాలుగు పూలు పూసేది. వాళ్ళాయన కార్తికేయ గారు పోయినప్పటి నుంచి ఆవిడకు వేరే పని లేక మూడు పూటలా నీళ్ళు పోస్తున్నారు. ఆవిడ పెంచుతున్నది మల్లెనా, గేదెకు మేతా అని నాకు అనుమానం. పోయినేడు ఆ మేతకే శాఖవారు పచ్చ పతకం ఇచ్చారు. ఆవిడ దాన్ని గుమ్మం మీద మేకు కొట్టి తగిలించారు.

నేను పూలు పెంచేది పతకాలకు కాదు, నా జడలో పెట్టుకోవడానికి. మా ఆయన ప్రణీత్ పోయి పందొమ్మిదేళ్ళయింది. ఆ ఏడు వేసవిలో నేను మల్లెలు పెట్టుకుని వీధిలోకి వస్తే జనం కరెంటు తీగ తగిలినట్టు పక్కకు జరిగారు. ఊళ్ళు మునిగిపోయాయి, సూర్యుడికి అడ్డంగా గుడ్డ కట్టారు, ఇన్ని మారాయి గానీ మొగుడు పోయినదాని తలలో పువ్వు మాత్రం వీళ్ళకు ఇంకా మింగుడు పడదు. పడకపోతే మానె. ఏటా పెట్టుకున్నాను, ఈ ఏడూ పెట్టుకుంటాను.

2వ రోజు

పొద్దున ఎనిమిదింటికి 'కన్ను' తెరుచుకుంది. పోయిన వానాకాలంలో ప్రతి మేడ మీదా ఒకటి బిగించారు. రోజూ అదే వేళకు ఆకులు లెక్కపెడుతుంది. ఆకు ఎంత ఉంటే తొట్టికి నీళ్ళు అంత. అంతకుముందు ఒక మనిషి వచ్చి తొట్లు లెక్కపెట్టి టీ తాగి పోయేవాడు. వాడు ఎంతో నయం.

కన్ను నా తొట్టి దగ్గర 'సున్నా' అంది. గొట్టం టక్కున మూసుకుపోయింది. గంటలో ధృవాంశ్ అనే పరిశీలకుడు ఊడిపడ్డాడు. యాభై ఏళ్ళ మనిషి, ముక్కుకు దుమ్ముజల్లెడ, చేతిలో పలక.

"మేడమ్, మీ మొక్క చచ్చిపోయిందండి," అన్నాడు, పరామర్శకు వచ్చినవాడిలా గొంతు తగ్గించి.

"చావలేదు నాయనా. నేనే ఆకు దూశాను. పూత కోసం."

"అయ్యో! చేజేతులా ఎందుకండి అలాగ?"

"కొమ్మ గోకి చూడు. లోపల పచ్చగా ఉంటుంది."

అతను పలకను పైకీ కిందికీ జరిపి చూశాడు. "గోకినట్టు రాయడానికి ఇందులో చోటు లేదండి," అన్నాడు.

నియమం చదివి వినిపించాడు. చచ్చిన మొక్కకు నీళ్ళు ఇవ్వరు. పద్దెనిమిదో రోజు పొద్దున కన్ను నలభై ఆకులైనా చూడకపోతే మొక్కను వేళ్ళతో సహా పీకేస్తారు. తొట్టి ఉన్న చోట నీడపలక పెడతారు. నీళ్ళు లేకుండా ఆకు ఎలా వస్తుందని అడిగితే, అది తన విభాగం కాదన్నాడు. ఇతన్ని కన్నతల్లి ఎంత సంబరపడి ఉంటుందో పాపం.

3వ రోజు

మనిషికి తాగడానికి నాలుగు లీటర్లు, స్నానానికి పన్నెండు. స్నానం నీళ్ళు తూము దగ్గర కొలుస్తారు, తిరిగి రావలసినంత రాకపోతే మర్నాడు కోత పెడతారు. అందుకని తాగే నీళ్ళలోంచి రెండు లీటర్లు, బియ్యం కడిగిన నీళ్ళు తొట్టిలో పోశాను. పోసినవి పోసినట్టే మట్టిలో ఇంకిపోయాయి, వేరు దాకా దిగనే లేదు. మధ్యాహ్నానికి నాకు కళ్ళు తిరిగి మంచం మీద పడ్డాను.

దూసిన మల్లెకు ఏం కావాలో ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎవరికీ అక్కర్లేకపోయినా. ముందు ఒక్కసారి రెండు బిందెలు, మట్టి నిండా నానేలా. ఆ తర్వాత మూడు రోజులకోసారి ఒక బిందె. మొదలు దగ్గర కాదు, తొట్టి అంచున. ఇంతే. రోజుకు మూడు బిందెలు తాగే పతకం మల్లె పక్కనే ఉండగా నా మల్లెకు వారానికి నాలుగు బిందెలు గతి లేవు. ఈ ఊరి తెలివి ఎంతో దీన్ని బట్టే తెలుస్తుంది.

5వ రోజు

సాయంత్రం మేడ ఎక్కితే తొట్టిలో మట్టి నల్లగా నాని ఉంది. వేలు గుచ్చితే రెండో కణుపు దాకా తడి. శాఖవారి గొట్టం ఎక్కడో కారినట్టుంది. వాళ్ళ చేతకానితనం నాకు పనికిరావడం ఇదే మొదటిసారి. ఫిర్యాదు చేయదలచుకోలేదు.

7వ రోజు

కింది వాటాలో నిశ్చితార్థం. గుమ్మానికి అచ్చు బంతిపూలు, పిల్ల జడకు అచ్చు మల్లెలు. తాంబూలం ఇస్తూ ఆ పిల్ల తల్లి "వాసన చూడండి లాస్యగారూ, అచ్చం మల్లే!" అంది. చూశాను. సింకు గుర్తొచ్చింది. అలాగే చెప్పాను కూడా. ఆవిడ మొహం మాడ్చుకుని స్వీటు పొట్లం ఇవ్వడం మరిచిపోయింది.

జోషిత గారూ వచ్చారు. ఒక మూల కూర్చుని, పసుపు రాసే పళ్ళెం తన దాకా రాకముందే లేచి వెళ్ళిపోయారు. కాలు కొంచెం ఈడ్చి నడుస్తున్నారు. వయసు మీద పడుతోంది కాబోలు.

ఇంటికొచ్చి చూస్తే ఆవిడ పతకం మల్లె ఆకు వాలేసింది. ఇన్నాళ్ళు ముంచి ముంచి పెట్టారు, వేరు కుళ్ళింది. నేను ముందే చెప్పాను. ఎవరికి చెప్పానంటే ఈ పలకకు.

8వ రోజు

మళ్ళీ గొట్టం కారింది. ఒక బిందెడు, సరిగ్గా తొట్టి అంచున. మూడో రోజు కారాలని దానికి ఎలా తెలిసిందో గానీ శాఖవారి కంటే వాళ్ళ గొట్టానికి బుర్ర ఎక్కువ.

మట్టి పైన పెచ్చు కట్టింది. గుల్ల చేయాలి. నా మోకాళ్ళు వంగనివ్వడం లేదు. వంగినా లేవడానికి ఎవరో ఒకరు రావాలి, వచ్చేవాళ్ళెవరూ లేరు. రేపు చూద్దాం.

9వ రోజు

పొద్దున కన్ను 'సున్నా' అని చెప్పి మూసుకుంది. ఎండ మండిపోతోంది. పదకొండింటి సైరన్ మోగితే పిట్ట కూడా బయట లేదు. గొడుగు కిందే యాభై దాటిందట.

సాయంత్రం మేడ ఎక్కాను. తొట్టిలో మట్టి గుల్ల చేసి ఉంది. చిన్న పారతో, వేరు తెగకుండా, చుట్టూ వేలెడు లోతున చాలా పొందిగ్గా చేశారు.

గొట్టానికి చేతులు మొలిచాయన్నమాట. నా మేడ మీదికి నా అనుమతి లేకుండా ఎవరో వస్తున్నారు. సాయం చేయమని నేనెవరినీ అడగలేదు. మళ్ళీ నీళ్ళు పడేది పదకొండో రోజు. ఆ రోజు చూస్తాను వాళ్ళ సంగతి.

11వ రోజు

దీన్ని గోడ మీదికి పంపడం లేదు. పలకలోనే దాచుకుంటున్నాను. గోడ మీదికి 'ఎండగా ఉంది, సున్నా' అని పంపాను.

పదకొండింటి సైరన్ మోగాక తడి తువ్వాలు నెత్తిన వేసుకుని మేడ మెట్ల తలుపు వెనక కుర్చీలో కూర్చున్నాను. సైరన్ మోగాక నాలుగింటి దాకా ఎవరూ బయటికి రాకూడదు, రావాలన్నా రాలేరు. గంటన్నర కూర్చున్నాను. అప్పుడు రెండు మేడల మధ్య పిట్టగోడ మీదికి ముందు ఒక బిందె వచ్చింది. దాని వెనకే చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని జోషిత గారు గోడ దిగారు. చెప్పులతో గోడ ఎక్కలేరు కదా, వట్టి కాళ్ళు. ఆ సిమెంటు మీద పెనం మీద అడుగు వేసినట్టు గెంతుతూ వచ్చి, బిందె వంచి, తొట్టి అంచు చుట్టూ నెమ్మదిగా పోశారు.

తలుపు తోసి బయటికొచ్చాను. ఆవిడ ఉలిక్కిపడి కూడా బిందె వదల్లేదు. చివరి చుక్క దాకా పోసి అప్పుడు నా వైపు చూశారు.

"లోపలికి రండి ముందు, కాళ్ళు కాలిపోతున్నాయి," అన్నాను.

మెట్ల మీద నీడలో కూర్చోబెట్టాను. అరికాళ్ళు చూస్తే పాత బొబ్బల మీద కొత్త బొబ్బలు. వయసు మీద పడిందని రాశాను నేను.

"ఎందుకిలా చేస్తున్నారు?" అన్నాను.

"మీరే రాశారు గదండి. ముందు రెండు బిందెలు, తర్వాత మూడ్రోజులకోసారి ఒకటని."

"మీరు నా రాతలు చదువుతారా?"

"రోజూనండి. పాలకేంద్రానికి వెళ్ళేటప్పుడు గోడ దగ్గర ఆగుతాను."

నాకు చెవులు వేడెక్కాయి, ఎండకు మాత్రం కాదు. "అన్నీ చదివారా?"

"గేదె మేత చదివానండి. పతకానికి మేకు కొట్టడం చదివాను. వేరు కుళ్ళడం కూడాను. కుళ్ళలేదండి, నీళ్ళు లేక వాడింది. రెండు బిందెలు మీకు పోసినప్పుడు దానికి ఒకటే మిగిలింది, ఆ తర్వాత అది కూడా పోయబుద్ధి కాలేదు."

"ఇన్ని మాటలు చదివి కూడా మోసుకొస్తున్నారా? తొట్టి నీళ్ళు తొట్టి దాటితే శాఖవాళ్ళు మీ గొట్టం శాశ్వతంగా మూసేస్తారు, తెలుసా?"

"తెలుసండి," అన్నారు. బిందె పక్కన పెట్టి, "ఒక్కోరోజు చదివి ఏడుపొచ్చేదండి. ఒక్కోరోజు నవ్వొచ్చేది. మా ఇంట్లో ఇప్పుడు నన్ను కోప్పడేవాళ్ళెవరూ లేరు గదండి. ఇక మీ చెట్టు కూడా పోతే మీరేం రాస్తారు?"

మాట తోచనప్పుడు నేను తిడతాను. "మీకు మల్లె పెంచడం రాదు," అన్నాను. "ఆ నీళ్ళ పిచ్చి మానేసి ఉంటే మీ చెట్టూ పూసేది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తెలీలేదా?"

"తెలుసండి," అన్నారు మళ్ళీ. బిందె తీసుకుని పిట్టగోడ ఎక్కబోతే ఆపాను. నా చెప్పులు ఇచ్చి మెట్ల దారిన పంపాను.

12వ రోజు

నిన్నంతా ఆవిడ 'తెలుసండి' నన్ను వదల్లేదు. తెలిసి ఏ బుద్ధున్న మనిషి నీళ్ళు పోస్తుంది? పొద్దున్నే వీధి చివరికి వెళ్ళాను. పదకొండేళ్ళలో ఆ గోడ ముందు నిలబడటం ఇదే మొదలు. నేను రాయడమే గానీ ఎవరిదీ చదివి ఎరగను. చదవడానికి ఏముంటుంది వీళ్ళ దగ్గర అనుకున్నాను.

జోషిత గారి పేరు నొక్కి వెనక్కి వెళ్ళాను. ఆవిడ రాత పొట్టి పొట్టిగా ఉంటుంది.

మూడేళ్ళ కిందటి వేసవి: 'పూలు ముప్ఫై రెండు. మూరకు చాలలేదు. ఆయన రబ్బరు బ్యాండు పెట్టి ముడిచారు.' రెండు రోజుల తర్వాత: 'మూర నిండింది. ఆయనే పెట్టారు. వంకర.' ఆ వేసవి అంతా అదే. పూల లెక్క, వంకర. ఎక్కడో ఒకచోట 'ఇవాళ తిన్నగా పెట్టారు, అనుమానంగా ఉంది' అని ఉంది. ఆ గోడ ముందు నిలబడి నవ్వాను.

తర్వాత రెండేళ్ళ కిందటి వేసవికి వచ్చాను. 'ఆయన పదకొండో రోజు అయిపోయింది. తలలో పూలు తీయించారు. చెట్టు నిండా మొగ్గలున్నాయి. పొద్దుగూకితే విచ్చుకుంటున్నాయి. వాసన ఇంట్లోకి వస్తోంది, తలుపులు మూసినా వస్తోంది. కొట్టేయడానికి చేతులు రావడం లేదు, ఆయన నాటిన చెట్టు. నీళ్ళు మానకుండా పోస్తే పూయదని లాస్యగారు రాశారు. అలాగే చేస్తాను.'

ఆ మర్నాటి నుంచి రోజూ ఒకటే మాట. 'నీళ్ళు పోశాను. ఆకు బాగుంది.'

ఆ గోడ మీద ఒకే తేదీ రాతలన్నీ పక్కపక్కన కనిపిస్తాయి. ఆ పదకొండో రోజు నేను రాసిందీ అక్కడే ఉంది: 'పక్కింట్లో భోజనం. పప్పులో ఉప్పు లేదు.'

ఎవరూ చదవరని పదకొండేళ్ళు జనాన్ని తిట్టుకున్నాను. ఆవిడ చదివింది. చదివి, నా వెక్కిరింపులోంచే చెట్టును పూయకుండా చేసే ఉపాయం తీసుకుంది. నేను పిట్టగోడ ఇవతల నిలబడి ఆవిడకు మల్లె పెంచడం రాదనుకున్నాను. ఇన్నాళ్ళూ ఊరంతా తెలివితక్కువది అని రాశాను, ఊరి లెక్కలో నన్ను కలపడం మరిచిపోయాను.

ఇంటికొచ్చి మేడ ఎక్కితే నా కొమ్మ మీద గోధుమగింజంత చిగుళ్ళు. ఏడు చోట్ల.

13వ రోజు

జోషిత గారింటికి వెళ్ళాను. గుమ్మం మీద పతకం కింద తల వంచి దూరాల్సి వచ్చింది, అంత పెద్దది చేయించారు శాఖవారు.

చేసిన తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. చెట్టు గురించి మాత్రం చెప్పాను. "మీ మల్లె ఎనిమిది రోజులుగా ఎండగట్టినట్టే అయింది. సగం ఆకు రాలింది. ఇవాళే నీళ్ళు పోస్తే మిగతా ఆకు నిలుస్తుంది, పతకం నిలుస్తుంది, పూత రాదు. ఆకు దూసేస్తే పూస్తుంది, పతకం పోతుంది. ఏదైనా రేపటిలోగా చేయాలి. నన్ను అడక్కండి."

ఆవిడ పందిరి వైపు చూశారు. "పూస్తే ఏం చేసుకోనండి?" అన్నారు.

"నేనేం చేసుకుంటున్నానో పదకొండేళ్ళుగా రాస్తున్నాను గదా," అని వచ్చేశాను.

14వ రోజు

పొద్దున ఆరింటికి పక్క మేడ మీద అలికిడి. జోషిత గారు ఆకు దూస్తున్నారు. దూయడమా అది! ఒక్కో ఆకు పట్టుకుని గిల్లుతున్నారు, పిల్లల తలలో పేలు ఏరినట్టు. అలా అయితే దీపావళికి పూర్తవుతుంది. నా మోకాళ్ళను తిట్టుకుంటూ మెట్ల దారిన వెళ్ళాను.

"రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కిందికి లాగండి. దానికి నొప్పి పుట్టదు."

"మీరు రాసింది చదివితే వచ్చేస్తుందనుకున్నానండి," అన్నారు.

ఇద్దరం కలిసి ఎనిమిదికి ముందే ముగించాం. ఆఖరి కొమ్మ ఆవిడే దూశారు. దూసిన ఆకు చీర కొంగులో పోసుకుని కాసేపు అలాగే కూర్చున్నారు. కళ్ళు తుడుచుకోలేదు, నేనూ చూడనట్టు కొమ్మలు సర్దాను. ఎనిమిదింటికి ఆవిడ కన్ను తెరుచుకుని 'సున్నా' అంది. ఇద్దరం పగలబడి నవ్వాం.

18వ రోజు

ధృవాంశ్ వచ్చాడు. వెంట మొక్కలు పీకే బండి కూడా వచ్చింది. కన్ను నా తొట్టి చూసి 'అరవై మూడు' అంది.

"బతికిందండి మేడమ్!" అన్నాడు, తనే ప్రాణం పోసినట్టు.

"చావలేదని అప్పుడే చెప్పాను."

నా గొట్టం తెరుచుకుంది. పక్క మేడ సున్నా కన్ను పొరపాటు అనుకుని అతను నాలుగు రోజులుగా రాలేదట, ఇప్పుడు పిట్టగోడ మీంచి తొంగి చూసి నోరు తెరిచాడు. పతకం మల్లె కట్టెపుల్లల మోపులా ఉంది. "అదేంటండి, అది కూడానా! నీళ్ళు లేకుండా మీ మొక్క ఎలా బతికింది, నీళ్ళు ఉండి వాళ్ళ మొక్క ఎలా చచ్చిందండి?"

మనిషికి కాస్త బుర్ర ఉందని నాకు మొదటిసారి భయం వేసింది. "అది రాయడానికి నీ పలకలో చోటుందా నాయనా?" అన్నాను.

పైకీ కిందికీ జరిపి చూశాడు. లేదన్నాడు. పక్కింటికి వెళ్ళి పతకం ఊడదీసుకుని, పద్దెనిమిది రోజుల గడువు ఇచ్చి బండితో సహా పోయాడు. పోయాక గుమ్మం మీద మేకు మాత్రం మిగిలింది.

ఈ మధ్యాహ్నం నుంచి నీళ్ళ దారి మారింది. బిందె నేను నింపుతాను, మోయడం మాత్రం ఆవిడే. మోకాళ్ళ సంగతి రాసి చెడిపోయాను. పిట్టగోడ పక్కన రెండు ఇటుకలు వేసి, వాటి మీద గోనెపట్టా పరిచాను. ఇప్పుడు ఆవిడ చెప్పులతోనే ఎక్కుతున్నారు.

27వ రోజు

నా చెట్టుకు మొగ్గ. సన్నగా, ఆకుపచ్చగా, గుత్తికి మూడేసి. జోషిత గారి చెట్టుకు నూట నాలుగు ఆకులు. కన్ను సంతోషించింది. దాని సంతోషం ఎవడిక్కావాలి.

గోడ మీదికి రోజూ 'ఎండగా ఉంది' అని మాత్రమే పంపుతున్నాను. ఇవాళ ఆవిడ అడగనే అడిగారు. "ఏంటండి, ఈ మధ్య ఎవరినీ తిట్టడం లేదు? ఒంట్లో బాగుండటం లేదా?"

34వ రోజు

పూసింది.

నాలుగింటి సైరన్ మోగాక బుట్ట పట్టుకుని ఎక్కాను. విచ్చబోయే మొగ్గలు నూట పద్దెనిమిది. తడిపిన అరటినారతో కట్టాను. మూరన్నర వచ్చింది. అరమూర నా జడలో పెట్టుకుని, మూర ఆకులో చుట్టుకుని పక్కింటికి వెళ్ళాను.

ఆవిడ పొట్లం విప్పి, ముక్కుజల్లెడ తీసి, వాసన చూసి మళ్ళీ మూసేశారు. "మీ అమ్మగారి చెట్టు మొదటి పూలు. మీరే ఉంచుకోండి లాస్యగారూ."

"నేను పెట్టుకున్నాను. కనబడటం లేదా?"

"వీధిలో ఏమంటారో..."

"ఏమీ అనరు. ఒక ఏడాది పక్కకు జరుగుతారు. తర్వాత అలవాటు పడతారు. నేను చూశాను గదా."

"ఆయన లేకుండా..." అని ఆగిపోయారు.

నేను ఓదార్చడం చేతకాని మనిషిని. "చూడండి, నేను వంకరగా పెట్టలేను," అన్నాను. "నాకు తిన్నగా పెట్టడమే వచ్చు. సర్దుకోవాలి."

ఆవిడ నా మొహంలోకి చూశారు. గోడ మీద ఆవిడ రాతలు నేను చదివానని అప్పుడు తెలిసింది ఆవిడకు.  లేచి దువ్వెన, రెండు పిన్నులు తెచ్చి నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి నా ముందు పీట మీద కూర్చున్నారు. జడ బాగా సన్నబడింది. మూర బరువుకు నిలవదని మడిచి, రెండు పిన్నులూ గట్టిగా గుచ్చాను. ఆవిడ చెయ్యి వెనక్కి పెట్టి పూలను తడుముకుని, ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాను, దాహం లేకపోయినా.

తర్వాత ఇద్దరం పాలకేంద్రానికి నడిచాం. వీధి పక్కకు జరిగింది. జరిగిన చోటంతా మాకు గాలి బాగా ఆడింది. నిశ్చితార్థం పిల్ల ఒక్కతే జల్లెడ కిందికి లాగి, మేం దాటే దాకా ముక్కుతో వెతుక్కుంటూ నిలబడింది.

35వ రోజు

పదకొండో రోజు నుంచి పలకలో దాచిన రాతలన్నీ ఈ పొద్దున గోడ మీదికి పంపేశాను. బిందెల సంగతి, పిట్టగోడ సంగతి, అన్నీ. ఆవిడను అడిగాను, పంపేయమన్నారు. శాఖవాళ్ళు చదివితే చదవనీ. చదివే అలవాటున్నవాళ్ళే అయితే నా మల్లెకు గొట్టం మూసేవాళ్ళు కాదు.

పంపాక గోడ దగ్గరే నిలబడి జోషిత గారు రాత్రి ఏం రాశారో చూశాను. మామూలుగా రెండు ముక్కలు రాసే మనిషి నాలుగు రాశారు.

'నా చెట్టుకు మొగ్గలు పదకొండు. లాస్యక్క ఇచ్చిన మూర పెట్టుకున్నాను. తిన్నగానే పెట్టింది. కట్టు మాత్రం వదులు, ఇంటికొచ్చేసరికి సగం పూలు రాలాయి.'

నా కట్టు వదులట! నర్సరీలో ముప్ఫై ఏళ్ళు అంట్లు కట్టిన చేతులివి. ఇవాళ సాయంత్రం బుట్ట, నార రెండూ తీసుకుని వాళ్ళింటికే వెళ్తున్నాను. ఆవిడ ఎలా కడుతుందో నేనూ చూస్తాను.